శనివారమైన సోమవారము

వైశాఖమాసపు ప్రచండమార్తాండుడు ప్రొద్దుపొడుపునందే భూతలమును పెనమువలె గాల్చుచుండ గట్టుపైని తుమ్మలు సైతము తలలు వ్రేలవైచియుండిన యొకానొక సోమవారమున ఎగువపాలెపు పెద్దరైతును కాలువసంఘాధ్యక్షుడునగు భుజంగరాయుడు కాలువనీటిని ఎగువకును దిగువకును మార్చి విడుచు తలుపుగది తాళము తీసి లోనికి బోయెను. ఆతని తమలపాకుతోట ఒక్కవారపు నీరు తప్పినను నిలువదు. అయినను తన తోట పచ్చదనముకంటె దిగువపాలెమువారి పైరు ఎండుటయే యాతని కెక్కువ ప్రియము.

సోమవారము మొదలు మూడుదినములు ఎగువవారికిని తరువాతి మూడుదినములు దిగువవారికిని నీరు విడువవలెననుట యొప్పందము. శనివారము సాయంకాలమున పెద్దకాలువ మూతపడును. మనుష్యులు తలుపు ద్రిప్పిన తలలు పగులుచున్నవని అఱచేతియంత లైనక్సు కంప్యూటరు నొకదానిని గదిలో నిలిపి యా పనిని దాని కప్పగించిరి. దానికి సొంత గడియారము లేదు. సమయము తెలుపు ఇంటర్నెట్టు సిగ్నలందక, దినమున కొకమాఱైన కరెంటు పోవు నా చోట, కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల అది తాను నిద్రించిన ఘడియనుండియే మరల కాలము లెక్కించెడిది. ఈ గుట్టెఱిగిన రాయుడు తన వంతుదినములందు ఫ్యూజు పీకి వంతును సాగదీయుచు దిగువవారి కడుపు కొట్టుచుండెను.

ఆ యంత్రమును నిలిపిన ఇంజనీరు హైమవతి దిగువపాలెపు కోడలు. ఆమె మోసమును కనిపెట్టి గడచిన వారమున బిళ్లబ్యాటరీతో నడచు గడియారపు చిప్పు నొకదానిని దానికి తగిలించి సరియైన తేదీని అందు వ్రాసి యందఱియెదుట రాయునితో ననెను.

“ఇక ఫ్యూజు పీకినా లాభం లేదు రాయుడుగారూ. కరెంటు లేకపోయినా ఇది టైము మర్చిపోదు.”

“మా గట్టెక్కి మాకే నీతులు చెబుతున్నావా? దాని ఆయుష్షెంతో నేనూ చూస్తాలే” అని యాతడు పండ్లు కొఱికెను.

ఆ కసితోనే నేడాతడు ఫ్యూజు తీసి బ్యాటరీని గోట పెకలించి గుప్పిట నిడుకొని మరల ఫ్యూజు పెట్టెను. యంత్రము పూర్వపు మతిమఱపునకే దిగజాఱునని యాతని తలంపు. కాని ప్రాణాధారమగు బ్యాటరీ తొలగిన యా చిప్పు నిన్నటినిగాని నేటినిగాని యెఱుగదు. తనకు పుట్టుకతో నిర్ణయింపబడిన దినమునే, అనగా రెండువేలవ సంవత్సరపు జనవరి మొదటి తేదీనే, అది కంప్యూటరునకు జెప్పెను. ఆ దినము శనివారము. శనివారము దిగువవారి వంతు. తలుపు కిఱ్ఱున మూలిగి తిరిగెను. ఎగువకు బాఱుచున్న నీరంతయు రాయుని కన్నులయెదుటనే దిగువకు మరలెను.

ఆతడు ఫ్యూజును మరల మరల పీకి పెట్టెను. మరల మరల శనివారమే వచ్చెను.

వేళగాని వేళ నీరు వచ్చుట జూచి దిగువవారు గట్టెక్కి వచ్చిరి. హైమవతి ఖాళీయైన బ్యాటరీగూటిని జూచెను. రాయుని బిగించిన గుప్పిటనుగూడ జూచెను.

“బ్యాటరీ తీసినవాళ్లు తెచ్చి ఇస్తే ఇప్పుడే సోమవారం పెడతాను. లేదంటే పట్నం నుంచి కొత్తది రావాలి. అందాకా కరెంటు పోయి వచ్చినప్పుడల్లా శనివారమే, నీళ్లు మావి.”

“దొంగనంటున్నావా నన్ను?”

“నేనేమీ అనలేదు. చెయ్యి తెరవండి చాలు.”

గుప్పిట విప్పిన తోట దక్కును. విప్పకున్న దిగువపాలెమువారియెదుట తల వంగదు. రాయుడు తన తోటవంక నొకమాఱును ఆమె మొగమువంక నొకమాఱును జూచెను. పిమ్మట బిగించిన చేతితోనే గట్టు దిగి యింటికి బోయెను. దొంగ యెవరో తెలియనివా డచట నొక్కడును లేడు.

పట్టణమునుండి క్రొత్త బ్యాటరీ వచ్చులోపల తమలపాకుతీగలు మాడి కొయ్యలనుండి రాలిపడెను. వాని నడుమ గూర్చుండి రాయుడు కాలువవంక జూచుచు హైమవతిని దిట్టుచుండెను. ఒరులకు దక్కరాదని పట్టిన పట్టు తన తోటనే మాడ్చినను విడువనేరనిది గదా ద్వేషము. ఆ పూటయు నాతని గుప్పిట మూసియే యుండెను.