రోకో మామయ్య గోడ

జూన్ మొదటి వారంలో మేము గొర్రెల ఉన్ని కత్తిరించడానికి జూత్ దీవికి వెళ్తాం. మా ముర్తెర్‌లో దాదాపు ప్రతి ఇంటికీ అవతలి దీవుల్లో కాస్త రాళ్ళనేల, కొన్ని ఆలివ్ చెట్లు, కొన్ని గొర్రెలు ఉంటాయి. మా గొర్రెలు పద్నాలుగు. ఊళ్ళో మిగతావాళ్ళు ఇంజను పడవల్లో గంటలో వెళ్ళిపోతారు. మా పెరీనా అత్త మాత్రం ఇప్పటికీ తెరచాపతోనే వెళ్తుంది.

అత్త మా నాన్నకు అక్క. ఆరేళ్ళుగా నేను ఆమె దగ్గరే ఉంటూ బేకరీలో పనికి వెళ్తున్నాను. పడవ చెక్కది, మూడు మూలల తెరచాపది. అత్త భర్త, చనిపోయిన పెద్ద మామయ్యా, ఆయన తమ్ముడు రోకో కలిసి చేయించుకున్నది. నడిపేది మొదటినుంచీ అత్తే. దాని మీద రోకో మామయ్యకు ఒకటే ఆశ.

"వదినా, నడిపినన్నాళ్ళు నడుపు. ఎప్పుడైనా రాయికి తగిలించావా, ఆ రోజే పడవ నాది. ఇంజను పెట్టి టూరిస్టుల్ని తిప్పుతా."

"తగిలిస్తే తీసుకోరా. ముప్పై ఏళ్ళనుంచీ ఎప్పుడు తగిలిస్తానా అని చూస్తున్నావుగా."

నవ్వులాటగా అన్నా, పెద్ద మామయ్య చనిపోయిన ఏడాది వాళ్ళిద్దరూ చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్న మాట అది.

ఆ ఉదయం ఒడ్డు గాలి చల్లగా, మెత్తగా ఉంది. మూడు రోజులు నీళ్ళలో నానబెట్టడంతో చెక్కలు ఉబ్బి సందులు మూసుకుని, పడవలో చుక్క నీరు రాలేదు. అత్త చుక్కాని పట్టుకుని వెనక కూర్చుంది. రోకో మామయ్య ముందు కొసన కాళ్ళు చాపుకుని రొట్టె, జున్ను తింటున్నాడు. నేను మధ్యలో తెరచాప తాడు పట్టుకున్నాను.

"జెర్కా, ఇంత జున్నుముక్క ఇటు పడెయ్యి," అంది అత్త. "మీ మామయ్య దీవి చేరేలోగా తెరచాపను కూడా నమిలేస్తాడు."

"ఏం చెయ్యను వదినా, నీ నడకకి దీవి చేరేసరికి మళ్ళీ ఆకలేస్తుంది. పక్కనించి నత్త దాటిపోయింది చూశావా?"

"చూశా. నీకన్నా సన్నగా ఉంది."

నేను జున్నుముక్క అందించాను. అత్త చెయ్యి నా చేతికి కాస్త పక్కగా వచ్చి, గాలిని తడిమి, తర్వాత జున్ను దొరకబుచ్చుకుంది. అలాంటివి పోయిన చలికాలం నుంచీ చూస్తున్నాను. చర్చి గడియారం ఎదురుగా నిలబడే టైమెంతని నన్ను అడిగేది. సూదిలో దారం నాచేత ఎక్కించేది. అడుగుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేకపోయాను.

జూత్‌లో మా రేవులోకి తిరిగేచోట నీటి కింద ఒక రాయి ఉంది. పంది వీపు అంటాం. మూరెడు లోతులో ఉంటుంది, పైకి ఏమీ కనిపించదు. దాన్ని తప్పించుకోవడానికి మావాళ్ళకు ఒకటే గుర్తు. కొండ కొస చాటునుంచి ఒడ్డునున్న రోకో మామయ్య చిన్న ఇంటి తెల్లగోడ మొత్తం బయటికి రావాలి. అప్పటిదాకా తిన్నగా పోవాలి. గోడ కనపడ్డాకే ఎడమకు తిప్పాలి. ఇది నాకు అత్తే నేర్పింది.

గాలి పక్కనుంచి వీస్తోంది. కొండ కొస ఇంకా దూరంగానే ఉంది. అత్త గడ్డం పైకెత్తి చూసి అంది: "అదిగో, తెల్లగోడ వచ్చేసింది. తాడు లాగు జెర్కా, తిప్పుతున్నా."

నేను తల తిప్పి చూశాను. కొండ కొసకు ఇవతల, నీటి అంచున, ఎవరో టూరిస్టుల తెల్ల పడవ ఒకటి లంగరు వేసుకుని ఉంది. గోడ ఇంకా బయటికి రాలేదు. వచ్చినా అది తెల్లగా ఉండదు. ఏప్రిల్లో రోకో మామయ్య దానికి పసుపు రంగు వేయించాడు. రంగు డబ్బాలు మోసింది నేనే. "వదినకి చెప్పకు, చూసి ఎంత తిడుతుందో విందాం," అన్నాడు. ఆ నెలంతా అత్త జ్వరంతో మంచం మీదే ఉంది, ఆ తర్వాత కూడా దీవికి రాలేదు.

పడవ ముక్కు తిరగడం మొదలుపెట్టింది. 'అత్తా, నీకు కనబడటం లేదు' అంటే పడవ రాయి తప్పించుకుంటుంది. కానీ ముందు కూర్చున్న మనిషి వింటాడు. ఇకమీదట చుక్కాని దగ్గరికి ఎవరూ అత్తను రానివ్వరు.

నేను తాడు లాగకుండా గట్టిగా అడిగాను: "మామయ్యా, నీ గోడకి పసుపు రంగెందుకేశావు?"

రోకో మామయ్య రొట్టె పక్కన పెట్టి నావైపు తిరిగాడు. "ఓరి దేవుడా, ఈ పిల్లకి నోరుందే! వదినా, విన్నావా? ఎందుకేంటి, టూరిస్టులెవరైనా అద్దెకి దిగాలంటే ఫొటోలో బావుండాలి. తెల్లగోడ ఎవడు చూస్తాడు? గుడ్డులో పచ్చసొనలా ఉంటుంది నా ఇల్లు ఇప్పుడు. ఆ కొండ కొస దాటగానే చూద్దువుగాని!"

చుక్కాని మీది అత్త చెయ్యి వెనక్కి వెళ్ళింది. పడవ ముక్కు మళ్ళీ తిన్నగా వచ్చింది. మామయ్య పచ్చసొన గురించి చెబుతూనే ఉన్నాడు. ఆయన వీపు వెనక, పడవ పక్కన, నీళ్ళు లేత ఆకుపచ్చగా మారాయి. అడుగున రాయికి అతుక్కున్న, ముళ్ళబంతుల్లాంటి నల్లటి సముద్రజీవులు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపించాయి. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో పంది వీపు మమ్మల్ని దాటి వెనక్కి పోయింది.

కొండ కొస దాటగానే గోడ బయటపడింది. నిజంగానే పచ్చసొనలా ఉంది.

"అత్తా, పసుపు గోడ మొత్తం కనిపిస్తోంది," అన్నాను.

"కనిపించకేం," అంటూ అత్త తిప్పింది.

"ఈసారి దూరంగా తిరిగావే వదినా?" అన్నాడు మామయ్య.

"నీ గోడ రంగుకి కళ్ళు చెదిరిపోయాయిరా. దగ్గరికి రావాలంటే భయమేసింది."

ఆయన తొడమీద కొట్టుకుని నవ్వాడు. ఆ తిట్టుకోసమే రెండు నెలలుగా ఎదురుచూశాడు మరి.

మధ్యాహ్నం దాకా గొర్రెల పని చేశాం. చేతులకే కళ్ళున్నట్టు నడుస్తుంది అత్త కత్తెర. పద్నాలుగు గొర్రెల్లో ఒక్కదానికీ గాటు పడలేదు. మామయ్య పట్టుకున్న గొర్రె రెండుసార్లు తప్పించుకుంది.

తిరుగు ప్రయాణానికి వాయవ్యపు గాలి లేచింది. ఉన్ని మూటలు సర్దాక నేను నా చోటికి వెళ్ళబోతుంటే అత్త పిలిచింది.

"వెనక కూర్చో. నువ్వు పట్టు."

"అదేంటి, సరంగు మారిందా?" అన్నాడు మామయ్య.

"పొద్దుట్నుంచీ కత్తిరించింది నువ్వా నేనా? చేతులు లాగేస్తున్నాయి. తాడు నువ్వు పట్టుకో, ఒళ్ళు కరుగుతుంది."

ఆయన గొణుక్కుంటూ తాడు పట్టుకున్నాడు. నేను చుక్కాని పట్టుకున్నాను. అత్త నా పక్కనే, వీపు నా భుజానికి ఆనించి కూర్చుంది. పంది వీపు దాటాక నెమ్మదిగా గుర్తులు చెప్పడం మొదలుపెట్టింది. ఏ రాయి ఏ చెట్టు కిందికి రావాలో, ఎక్కడ గాలి కొండ మీంచి విరుచుకుపడుతుందో, పెద్ద మామయ్య బతికున్నప్పుడు ఎక్కడ చుక్కాని విరిగిందో. దారంతా చెప్పింది. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు.

ముర్తెర్ చర్చి గోపురం కనిపించేసరికి మామయ్య ఉన్ని మూట మీద తలపెట్టి గురక పెడుతున్నాడు. తాడు కాలికి చుట్టుకుని ఉంది.

"జెర్కా," అంది అత్త చిన్న గొంతుతో.

"ఊఁ."

"షిబెనిక్ ఆసుపత్రికి సోమవారం పొద్దున బస్సు ఎన్నింటికి?"

"ఆరున్నరకి. నేనూ వస్తా."

"వస్తావులే. బస్సు బోర్డు చదవాలిగా ఎవరో ఒకరు."