లెక్కలోకి రాని అక్క

ఇంట్లో అందరూ ఆ పిల్లని పిచ్చుక అంటారు. ఒకచోట కుదురుగా కూర్చోవడం ఆమెకు పుట్టుకతోనే రాలేదు. ఆ శనివారం మాత్రం పిచ్చుక కూడా కాదు, కాలుగాలిన పిల్లి. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి గుమ్మంలోకి, మళ్ళీ ఫోను దగ్గరికి.

సోమవారానికి ఎకనామిక్స్ అసైన్‌మెంటు ఇవ్వాలి. తమ ఊళ్ళో నిరుద్యోగం గురించి, గణాంకాలతో సహా. "అంకె రాస్తే సరిపోదు. ఎక్కడ దొరికిందో కూడా రాయాలి. ఊరూపేరూ లేని అంకె నాకొద్దు" అని మేష్టారు ముందే చెప్పారు. ఫోనులో అంకెలకేం కొదవలేదు. ఒక పత్రిక ఒకటంటే ఇంకో పత్రిక దానికి రెట్టింపంది. ఎవరో వీడియోలో ఊళ్ళో సగంమందికి పనే లేదని బల్లగుద్ది చెప్పాడు. ఎవరు లెక్కపెట్టారో, ఏ ఏడాది లెక్కో ఒక్కరూ చెప్పలేదు.

అక్కని అడగడానికి నోరు రాలేదు. అక్క సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలో పనిచేసేది. భూతద్దం కింద బోర్డు పెట్టి, అతుకులు సరిగ్గా పడ్డాయో లేదో చూడడం ఆమె పని. కిందటేడు యజమాని ఫ్యాక్టరీని వేరే ఊరికి తరలించాడు. కొన్నాళ్ళు అక్క ఎక్కని గుమ్మం లేదు, పెట్టని దరఖాస్తు లేదు. ఆ తర్వాత మానేసింది. ఎవరైనా అడిగితే "కాస్త విశ్రాంతి తీసుకుంటున్నా" అంటుంది. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తరు. పిచ్చుక కూడా "ఎకనామిక్స్ రాసుకోవాలి" అందే తప్ప దేని గురించో చెప్పలేదు.

మధ్యాహ్నం లైబ్రరీకి పరుగెత్తింది. లైబ్రేరియన్ ఆమె చెప్పిందంతా విని, ప్రభుత్వం వేసిన కార్మిక సర్వే పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది. పిచ్చుక గబగబా పట్టికల్లోకి వెళ్ళబోతే ఆపింది.

"అంకె ఎక్కడికీ పోదులేమ్మా. ముందు ఎవర్ని లెక్కపెట్టారో చదువు."

పిచ్చుక విసుక్కుంటూనే చదివింది. పని లేక, పని కోసం వెతుకుతున్నవాళ్ళే నిరుద్యోగులు. పని లేకపోయినా వెతకడం మానేసినవాళ్ళు ఆ లెక్కలోకి రారు. వాళ్ళకి వేరే గడి.

చదివిన వాక్యమే మళ్ళీ చదివింది. బల్లకింద కాలు ఆగకుండా ఊగుతోంది. కావలసిన అంకె దొరికింది, సంవత్సరం, నిర్వచనంతో సహా రాసుకుంది. అయినా ఏదో దొంగతనం చేసినట్టు కాగితం మడిచి దాచుకుంది.

సాయంత్రం అందరూ ముందుగదిలో ఉండగా నాన్న అడిగాడు. "ఏదీ, ఏం రాశావో చదువు."

"ఏముంది నాన్నా, అంకెలు."

"అంకెలే చదువు."

ఇక తప్పలేదు. ఊపిరి తీసుకోకుండా చదివేసింది. నిరుద్యోగం అన్న మాట దగ్గర అమ్మ చేతిలోని బట్ట మడతపెట్టడం ఆపింది. కిటికీ దగ్గర కూర్చున్న అక్క తల తిప్పింది.

"అందులో నేనున్నానా?"

"ఉన్నావు" అంది పిచ్చుక. అబద్ధం ముఖం మీదే కనబడింది.

"ఇలా తే." అక్క కాగితం లాక్కుని నిర్వచనం దగ్గర ఆగింది. బోర్డులో విరిగిన అతుకు వెతికినట్టే కళ్ళు చికిలించి చూసింది. "అంటే నేను వెతకట్లేదు కాబట్టి నాకు ఉద్యోగం లేకపోవడం కూడా లేదన్నమాట."

"పుస్తకంలో అలా ఉందక్కా. నేననలేదు."

"నువ్వన్నావని నేనన్నానా?"

అక్క చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయింది. నాన్న లేచాడు, కూర్చున్నాడు. "పుండు మీద కారం చల్లినట్టయింది కదే" అంది అమ్మ. పిచ్చుక ఉండబట్టలేక వీధిలోకి వచ్చింది. అక్క ఎంతో దూరం పోలేదు. మందుల షాపు అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బస్సుల్ని చూస్తోంది.

"మా సెక్షన్‌లో వాళ్ళంతా ఏ గడిలో ఉన్నారంటావు?" అంది చెల్లెల్ని చూడకుండానే.

"నాకేం తెలుసు?"

"నాకూ తెలీదు. సిగ్గేసి ఒక్కరికీ ఫోను చెయ్యలేదు. రేపు పోయి అడుగుదాం పద."

ఆదివారం ఇద్దరూ ఇళ్ళు తిరిగారు. పిచ్చుక అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఈమధ్య పని కోసం వెతికారా? మొదటి ఇంట్లో ఆమె నవ్వేసి, వెతికి వెతికి చెప్పులరిగాయి, ఇక కాళ్ళరగాలా అంది. ఇంకో ఇంట్లో ఆమె భర్త వైపు ఒకసారి చూసి, పొయ్యిమీద పాలున్నాయంటూ లోపలికి పోయింది. సూపర్‌వైజరుగా చేసినావిడ అక్క మీద విరుచుకుపడింది. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా? అదీ మీ చెల్లి మార్కుల కోసమా?" తలుపు వేసేసింది. అక్క ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత తట్టింది. "మార్కుల కోసం కాదు. ఎవరూ నన్ను రానివ్వరేమోనని ఇన్నాళ్ళూ ఎవరింటికీ రాలేదు" అంది మూసిన తలుపుతోనే. కాసేపటికి తలుపు తెరుచుకుంది. లోపల వాళ్ళిద్దరూ ఏడ్చారో, తిట్టుకున్నారో పిచ్చుకకి తెలీదు. ఆమె వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది.

అసైన్‌మెంటులో సర్వే అంకె రాసింది. కింద, ఆ అంకెలోకి రానివాళ్ళ సంగతి రాసింది. మేష్టారు మార్కులు కొన్ని కోసి, "నలుగురిని అడిగితే గణాంకం కాదు. కానీ అడగాల్సిందే అడిగావు" అని పక్కన రాశారు.

ఆ వారంలోనే అక్క సూపర్‌వైజరుతో కలిసి ఎక్కడో రిపేరు వర్క్‌షాపులో పని అడగడానికి వెళ్ళింది. దొరకలేదు. ఇంటికొచ్చి గిన్నెలు ధన్‌ధన్‌మని తోముతూ, ఆ వర్క్‌షాపు మేనేజరుని నానా మాటలూ అంది. అమ్మ భయపడి పిచ్చుక వైపు చూసింది. పిచ్చుకకి మాత్రం, ఎన్ని నెలల తర్వాతో అక్క చేస్తున్న ఆ చప్పుడు వింటూ కుదురుగా కూర్చోవాలనిపించింది.