మూతల మాస్టారు

సబ్బునీళ్ల సీసా మూతను మాస్టారు మరో అరచుట్టు బిగించారు. తర్వాత బంతుల డబ్బా, రంగు దిమ్మెల డబ్బా. మనుషుల ముఖం చూడని, నోరు తెరిచి అడగని పిల్లలకు ఆయన నేర్పే పాఠం ఇదే. మూతలు వాళ్లకు సొంతంగా రాకూడదు. తెరవమని ఇంకో మనిషిని అడగాలి. ఇరవై ఆరేళ్లుగా ఆయన పొద్దు ఇలాగే మొదలవుతోంది.

"నా ఫ్లాస్కు కూడా బిగించేశారా మాస్టారూ! టీ కావాలంటే నేనూ మీ మొహం చూడాలా?" అంది ఆయా.

"చూస్తే తీస్తాను."

"ఊరికే పెట్టారా మీకు మూతల మాస్టారని పేరు!"

ఆయన నవ్వారు గాని మోకాలు ఊగుతూనే ఉంది. ఎదుటివాళ్లు అడిగేదాకా ఆగడమే ఉద్యోగం. క్షణం కుదురుగా ఉండలేకపోవడం పుట్టుబుద్ధి. భార్య ఉన్నన్నాళ్లూ ఆ మోకాలి మీద చెయ్యి వేసి ఆపేది.

పదింటికి అయిదేళ్ల పాప తల్లితో వచ్చింది. తండ్రికి బదిలీ, మధ్యాహ్నమే ప్రయాణం. వెళ్లేచోట ఇలా నేర్పేవాళ్లు లేరు. పాప సీసా తెచ్చి, ఎదుటివాళ్ల చేతిని పట్టుకుని పనిముట్టులా మూత మీదికి లాగేది. ఆ చేతికొక మనిషి ఉన్నాడని తలెత్తి మాస్టారిని చూడడానికి ఏడాది పట్టింది. తల్లి ముఖంలోకి మాత్రం ఇంకా చూడలేదు. ఇవాళ చూడకపోతే నేర్చినదంతా ఈ గదిలోనే ఉండిపోతుంది.

"ఇవాళ మీరు కూర్చోండమ్మా," అని చాప మీద తన చోటు తల్లికిచ్చి ఆయన గోడవార కుర్చీకి మారారు.

తల్లి నాలుగు బుడగలు ఊది మూత బిగించింది. పాప సీసా తెచ్చి చేతిలో పెట్టిందో లేదో, ఆమె వేళ్లు మూత తిప్పేశాయి.

"అయ్యో! చెయ్యి ఊరుకోదండీ. అడక్కముందే అన్నీ అమర్చే పాడలవాటు."

"అమ్మ చేతికి ఓపిక తక్కువ. మనసులో పది లెక్కపెట్టండి."

రెండోసారి నాలుగు దగ్గరే తీసేసింది. మూడోసారి పాప చాప మీద పడి ఏడ్చింది. గడియారం పదకొండుకు దగ్గరైంది. తానే వెళ్లి కూర్చుందామని మాస్టారికి ప్రాణం లాగింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని బిగబట్టారు.

నాలుగోసారి తల్లి పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. ఆరు. ఏడు. పాప చెయ్యి లాగింది. చెయ్యి కదల్లేదు. ఇదెందుకు ఆగిపోయిందా అన్నట్టు పాప చూపు మణికట్టు నుంచి భుజానికి, భుజం నుంచి మెడకు ఎక్కి, తల్లి కళ్ల దగ్గర నిలిచింది.

"తీ."

తల్లి మూత తీసి, ఆ కళ్లలోకే చూస్తూ బుడగ ఊదింది. తన మోకాలు ఎప్పుడు ఆగిందో మాస్టారు గమనించలేదు.

బయట హారన్ మోగింది.

"దా తల్లీ, నాన్న వచ్చారు. వెళ్లొస్తాం మాస్టారూ."

గుమ్మం దాటబోయిన పాప వెనక్కి వచ్చింది. సీసాకు తనకొచ్చినట్టు మూత పెట్టి, తిప్పి తిప్పి, మాస్టారి ఒళ్లో ఉంచింది. ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఇప్పుడు అడిగే వంతు ఆయనదన్నమాట. అందరిచేతా అడిగించిన మనిషి, అడగడం మరిచి సీసాను రెండు చేతులా పొదివి పట్టుకున్నారు. పాప ఆగింది, చాలాసేపే. ఈలోగా హారన్ మళ్లీ మోగింది. తల్లి వచ్చి పాప వేలు పట్టుకుని తీసుకెళ్లింది.

సాయంత్రం ఆయా డబ్బాలు సర్దుతూ, "ఈ సీసా కడిగేదా?" అంది.

"ఉండనీ."

కిటికీ గట్టు మీద ఆ సీసా అలాగే ఉంది, మూత ఓ పక్కకు వంకరగా పట్టేసి, అంచున ఒక్క సబ్బుచుక్క కారకుండా ఆగి.