కిరసనాయిలు డబ్బా చాటింపు

మదనపల్లెలో పుట్టి పెరిగినవాళ్ళు ఎక్కడ కాపురముంటారో నాకు తెలియదు గానీ, మా వఠారంలో మాత్రం ఒక్కరూ లేరు. నేను కుప్పం మనిషిని. నా పేరు గ్లోరీ. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చి ఇక్కడ చేరాను. మా ఆయన ఐజాక్ కుప్పం స్టేషనులో రైళ్ళకు జెండా ఊపుతూ అక్కడే ఉండిపోయాడు. తక్కిన ఎనిమిది ఇళ్ళవాళ్ళదీ సోమల పక్క ఒకే పల్లె. ఎనభైల మొదట్లో వచ్చిన కరువుకు బావులన్నీ ఎండిపోతే చట్టీ కుండా మూట కట్టుకుని బస్సెక్కి వచ్చేశారు. అందరికీ సొంత భూములున్నాయి. భూమి ఉంది, నీళ్ళు లేవు. అందుకని ఇక్కడ పరాయివాళ్ళ శెనక్కాయల మిల్లులో మూటలు మోస్తూ, సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని ఎవరి పొలం ఎన్ని ఎకరాలో చెప్పుకునేవాళ్ళు.

వాళ్ళతో నాకు పెద్ద తలనొప్పి ‘మా ఊరు’ అనే మాట. మా ఊరి చింతపండు ఇంత పులుపుండదు, మా ఊరి చీపురు ఇట్లా రాలదు, మా ఊరి దోమ ఇంత గట్టిగా కుట్టదు. అంత గొప్ప ఊరైతే వెళ్ళి అక్కడే ఉండండి అని ఒకసారి విసుగెత్తి అన్నాను. పక్కింటి తిమ్మక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నాకు చారు కూడా రాలేదు. అప్పటి నుంచి నోరు అదుపులో పెట్టుకున్నాను.

తిమ్మక్క బస్టాండులో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మేది. మొగుడు మునిరత్నం నోట్లో నాలుక లేని మనిషి. ఈ ఊళ్ళో వాళ్ళకు ఇది మూడో గది. మొదటి ఇంటివాళ్ళు పొయ్యి పొగకు వెళ్ళగొట్టారు. రెండో ఇంటివాళ్ళు, పల్లె నుంచి వచ్చే చుట్టాలను చూసి భయపడి వెళ్ళగొట్టారు. పిల్లలిద్దరూ ఇక్కడి బడిలో కుదురుకున్నారు. ఈ వఠారం కూడా పోతే ఎనిమిది ఇళ్ళవాళ్ళకూ ఒకేచోట చోటిచ్చేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. తలొక దిక్కుకూ చెదిరిపోవాలి, లేదంటే తిరిగి ఆ ఎండిన బావుల దగ్గరికే పోవాలి.

సరిగ్గా అప్పుడే మా ఇంటి ఓనరు నారాయణప్పకు లాడ్జి కట్టాలనే బుద్ధి పుట్టింది. బజారులో ఆయనకు బట్టల కొట్టుంది. నాలుగు తరాలుగా మదనపల్లె వాళ్ళమని ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. రాగిసంగటి మాటెత్తితే ముక్కు చిట్లించేవాడు. లాడ్జికి ఇటుకలు తెచ్చి మా వాకిట్లో దించి, బుధవారానికల్లా గదులు ఖాళీ చెయ్యాలని చెప్పి వెళ్ళాడు. ఆడవాళ్ళు ఏడ్చారు. మొగవాళ్ళు బతిమాలారు. నేను ఇంగ్లీషులో రెండు మాటలన్నాను. ఏదీ పని చెయ్యలేదు.

ఆ మంగళవారమే వాళ్ళ గంగజాతరకు చాటింపు. ఏటా పల్లెకు పోయి చేసుకునేవాళ్ళు. ఈసారి అక్కడ జాతర లేదని కబురొచ్చింది. చెయ్యడానికి జనం లేరు, అందరూ మదనపల్లెలోనే ఉన్నారు.

“జనం ఈడుంటే అమ్మ ఆడ ఒంటిగా యాల ఉంటాది?” అంది తిమ్మక్క. “పొయ్యేవాళ్ళం ఎట్లా పోతాండాం. అమ్మకు ఒక పూట మొక్కి పోదాం.”

ఇటుకల గుట్టలోంచి ఒక ఇటుక తీసి కడిగి, పసుపు పూసి కుంకుమ పెట్టి కొళాయి పక్కన నిలబెట్టారు. ఆ ఇటుకే గంగమ్మ అయింది. గేటుకు ఒక పక్కన వేపాకు కట్టి, పసుపు నీళ్ళతో అడ్డంగా గీత గీశారు. అది పొలిమేర. తప్పెట ఎక్కడా దొరకలేదు. దీపాలు పెట్టే వేళకు మునిరత్నం మా ఇంటి కిరసనాయిలు డబ్బా అడిగి తీసుకుని, కర్రతో దబదబా బాదాడు.

“ఇనుకోండప్పా. వచ్చే మంగళారం గంగజాతర. ఇప్పుడు పొలిమేర లోపల ఉండేవాళ్ళంతా జాతర తీరేదాకా రాత్రి నిద్ర ఈడనే సెయ్యాల. పగులు యాడికన్నా పొయ్యి రావచ్చు. రాత్రి బయట పండుకుంటే అమ్మ ఊరుకోదు.”

అంత గొంతు ఆ మనిషిలో ఉందని పెళ్ళానికి కూడా తెలియదు.

అప్పుడు పెరట్లోంచి బయటికొచ్చాడు నారాయణప్ప. మేం మూటలు కడుతున్నామో లేదో చూసి, పనిలో పనిగా లాడ్జికి కొలతలు కూడా తీసుకుపోదామని వచ్చి గోడ వెనకాల ఉన్నాడన్నమాట. ఆయన లోపలున్న సంగతి తిమ్మక్కకు తెలుసా తెలియదా అని నేను చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ నవ్వింది.

నారాయణప్ప గేటు దాకా వచ్చాడు. గీత చూశాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలిపి, మెల్లగా వెనక్కి దించాడు.

“అది కిరసనాయిలు డబ్బా. అది చాటింపు కిందికి రాదు,” అన్నాడు.

“అమ్మకు మాట ముఖ్యమప్పా. తోలుతో సెప్తే ఏమి, రేకుతో సెప్తే ఏమి?” అంది ముసలి మారెమ్మ. పల్లెవాళ్ళందరిలోకీ పెద్ద ఆవిడే.

“ఏపాకు తూర్పు పక్క గదా కట్టాల. మీరు పడమట కట్టుండారు. అది కూడా తప్పే,” అన్నాడు నారాయణప్ప మళ్ళీ.

తిమ్మక్క నడుము మీద చెయ్యి పెట్టుకుంది. “ఏపాకు తూర్పున కట్టేది ఒక్క మా పక్కనేనప్పా. నాలుగు తరాల మదనపల్లె వాళ్ళకు అది ఎట్ల తెలుసు?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన కండువా సర్దుకున్నాడు. చివరికి, తన తండ్రిది సోమల పక్కనేనని, తాను పదేళ్ళ పిల్లవాడిగా నెత్తిన బియ్యం గంపతో ఈ ఊరొచ్చానని నేల వైపు చూస్తూ చెప్పాడు. చాటింపు దాటిపోయిన చిన్నాన్నకు మొహమంతా అమ్మ పోసిందట.

నాకు జాలేసింది. “అప్పా, మశూచి దేశంలోనే లేదు. మీకు చిన్నప్పుడు టీకా వేసే ఉంటారు,” అన్నాను.

చొక్కా చెయ్యి పైకి మడిచి మచ్చ చూపించాడు. “ఇది గవర్నమెంటు ముద్ర నర్సమ్మా. అమ్మ ముద్ర కాదు,” అన్నాడు.

నాది వేరే చిక్కు. నా మతానికి చాటింపు లేదు గానీ గీత లోపలే ఉన్నాను, పైగా ఆ వారం నైట్ డ్యూటీ. దానికి తీర్పు కూడా మారెమ్మే చెప్పింది. “బయట నిద్ర పోగూడదంటే అర్థమేమి? నర్సమ్మ రాత్రంతా మేలుకోనుంటాది. నిద్ర పోదు, తప్పు లేదు.” వార్డులో కునుకు తీసే అలవాటు ఎవరికీ లేదని నేను ప్రమాణం చెయ్యలేను గానీ, ఆ వారం మాత్రం భయానికి కళ్ళు మూయలేదు.

నారాయణప్ప పగలు కొట్టు చూసుకుని, పొద్దు గూకే వేళకు చంకలో దిండు పెట్టుకుని వచ్చేవాడు. గదులన్నీ నిండుగా ఉండడంతో తన ఇటుకల పక్కనే చాప వేసుకున్నాడు. తాను కట్టించిన వఠారాన్ని మొదటిసారి లోపలినుంచి చూశాడు. తొమ్మిది ఇళ్ళకు ఒక కక్కుసు, ఒక కొళాయి. మొదటి రోజు తెల్లవారి నేను డ్యూటీ దిగి వచ్చేసరికి, చెంబు పట్టుకుని నేరుగా ముందుకు పోతున్నాడు. మారెమ్మ ఆపింది.

“వరస.”

“నేను ఓనర్ని.”

“అమ్మ ముందర అందురూ ఒకటేనప్పా. మునిరత్నం ఎనకాల నిలబడు.”

నిలబడ్డాడు. వరస తొందరగా కదలలేదు. ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, ఇన్ని ఇళ్ళకు ఒకటే కట్టించిన వెధవ ఎవడని తనలో తాను అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గోడల వైపు తిరిగి నవ్వుకున్నారు.

మొగుడు రోజూ దిండు పట్టుకుని ఎక్కడికి పోతున్నాడో తెలియక ఆయన భార్య శారదమ్మకు అనుమానం పట్టుకుంది. ఉన్నమాట చెబితే నాలుగు తరాల గొప్ప పోతుందని ఆయన కొట్లో లెక్కలున్నాయని చెప్పాడట. లెక్కలకు దిండెందుకని ఆమె ఒక సాయంత్రం వెనకే వచ్చింది. తీరా చూస్తే మొగుడు మునిరత్నం పక్కన బాసింపట్టు వేసుకుని, శెనక్కాయల ఊరుమిండి పచ్చడిలో సంగటి ముద్ద అద్దుకుని మింగుతున్నాడు.

“పెండ్లయిన కొత్తలో నేను సంగటి కెలికితే, ఇది పల్లెటూరోళ్ళ కూడని పారబోయించినావు గదా,” అంది శారదమ్మ. ఆమెది పుంగనూరు.

ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. “నాకూ ఒక ముద్ద పెట్టు తిమ్మక్కా. ముప్పై ఏండ్లయింది తిని,” అంది.

ఇంత జరుగుతున్నా ఖాళీ చెయ్యమన్న మాట మాత్రం అట్లాగే ఉంది; చాటింపు విన్నవాళ్ళను మధ్యలో వెళ్ళగొట్టకూడదు కాబట్టి బుధవారం గడువు ఒక వారం జరిగింది, అంతే. జాతర మరునాడే తాళాలు వేస్తానని నారాయణప్ప అన్నాడు, తినేటప్పుడు కూడా అన్నాడు. తిమ్మక్క సామానంతా మూట కట్టేసి, ఒకే ఒక్క చట్టిలో వండి అందరికీ పెట్టేది. వాళ్ళ ‘మా ఊరు’ లేకుండా ఆ వాకిలి ఎట్లా ఉంటుందో తలచుకుంటేనే భయమేసింది.

జాతర నాటికి నా నైట్ డ్యూటీ తీరింది. ఆ రోజు అంబలి పోశారు, పొంగళ్ళు పెట్టారు. పొద్దు వాలాక అమ్మను ఊరు దాటించి సాగనంపాలి. చాటింపు విన్న మొగవాళ్ళలో పెద్దవాడు ఎత్తుకోవాలి, దించాక వెనక్కి తిరిగి చూడకుండా ఇల్లు చేరాలి. అది ఆచారం. వయసులో పెద్ద నారాయణప్పే.

పసుపు ఇటుకను గంపలో పెట్టుకుని నెత్తినెత్తుకున్నాడు. ముందు కిరసనాయిలు డబ్బా, వెనకాల మేమంతా. బజారు మధ్యలోంచే పోవాలి. ఆయన కొట్టులో గుమాస్తా చేతిలో బట్ట జారిపోయింది. ఎదురు కొట్టాయన వీధిలోకొచ్చి, ఏమిటి నారాయణప్పా ఇది అని అడిగాడు.

“మా ఊరి గంగమ్మప్పా,” అన్నాడు నారాయణప్ప, గంప మీది చెయ్యి తియ్యకుండా.

బి.కొత్తకోట రోడ్డులో ఊరి చివర వేపచెట్టు కింద అమ్మను దించి, మొక్కి, వెనుదిరిగాడు. తిరిగి వచ్చే దారిలోనే ఆయన మేడ. శారదమ్మ గేటు తీసి పట్టుకుని నిలబడి ఉంది. ఆయన వెనక్కి చూడలేదు, పక్కకూ చూడలేదు. ఆమెను దాటుకుని, మేడను దాటుకుని, సరాసరి మా వఠారానికొచ్చి, కొళాయి దగ్గర వరసలో చివర నిలబడి కాళ్ళు కడుక్కుని, ఇటుకల పక్కన చాప పరుచుకుని కూర్చున్నాడు.

కాసేపటికి తిమ్మక్క మెల్లగా అంది. “జాతర అయిపొయ్యిందప్పా. మీరింగ మీ ఇంటికి పోవచ్చు.”

“అవును గదా,” అన్నాడు. అని, లేవలేదు. చాప అంచు పీకుతూ చాలాసేపు కూర్చున్నాడు. “మునిరత్నం, వచ్చే ఏడు ఆ డబ్బా వద్దప్పా. సోమల నుంచి తప్పెటోళ్ళను పిలిపిద్దాం. ఈ ఇటికలతో ఇంగ రెండు కక్కుసులు కట్టిస్తా. తెల్లారితే ఆ వరసలో నిలబడేది నా చేత కాదు.”

తిమ్మక్క లోపలికి పోయింది. కాసేపటికి నన్ను పిలిచి కత్తెర అడిగింది. తీసుకుని వెళితే, చీకట్లో, పాత చీరతో కట్టిన సామాను మూట ముందు కూర్చుని ముడి విప్పుతూ ఉంది. పంటితో లాగినా రావడం లేదు. ఏడుస్తోంది. నేనూ పక్కన కూర్చున్నాను.

“కత్తిరించేస్తే పాత చీర పాడైపోతుంది కదా,” అన్నాను.

“పోనీ నర్సమ్మా,” అంది. “ఇంగ దీంతో మూట కట్టే పని లేదు. కత్తిరించెయ్.”