బొట్టు పెట్టిన ఇసుక డబ్బా

షాబాదు బండల సందుల్లో ఇరుక్కున్న సిగరెట్ ముక్క చీపురుకు రాదు. వంగి, వేళ్లతో పీకాలి. పదిహేనేళ్లుగా ఆ బస్టాండు ఊడుస్తున్న బాలనాగమ్మ నడుము ఈ ఏడు మొరాయించింది. ఇక వంగొద్దని దవాఖానలో చెప్పారు. వంగకపోతే ముక్కలు మిగులుతాయి, ముక్కలు మిగిలితే పని ఇంకొకరికి పోతుంది. పొగ తాగరాదని అక్టోబరులో గోడల నిండా కాగితాలు అంటించారు. జనం ఆ కాగితాల కిందే నిలబడి తాగుతున్నారు.

"గురువారం పెద్దసార్లు వస్తుండ్రు. ఒక్క ముక్క కనబడ్డా నిన్ను ఉంచరమ్మా," అన్నాడు కంట్రోలరు రామచంద్రయ్య.

ఆమె ఇంట్లో ఉన్న ఖాళీ నూనె డబ్బా కడిగి, సున్నం పూసి, ఇసుక నింపింది. తాగినవాళ్లు ముక్కలు అందులో గుచ్చితే తనకు వంగే బాధ ఉండదు. కొత్త వస్తువు ఒట్టిగా గడప దాటకూడదని కోడలు నవనీత దానికి పసుపు రాసి మూడు బొట్లు పెట్టింది. బాలనాగమ్మకూ అది తప్పనిపించలేదు. సోమవారం పొద్దున డబ్బాను స్తంభం పక్కన పెట్టింది.

మధ్యాహ్నానికి ఇసుకలో రెండు ఊదుబత్తులు వెలుగుతున్నాయి. లింగాల బస్సు కోసం వచ్చిన ఆడవాళ్లు చెప్పులు విప్పి మొక్కుతున్నారు. మగవాళ్లు దూరంగా జరిగి అవతలి బండల మీద ముక్కలు పడేస్తున్నారు. రోజూ అక్కడే పల్లీలు అమ్మే మాసయ్య కూడా అంతే.

"డబ్బల ఎయ్యొచ్చు గద, మాసయ్యా?"

"దేవుని డబ్బల ఏస్తనా అక్కా? కండ్లు పోతయ్."

"ఏ దేవుడు? అది నూనె డబ్బ!"

"మరి బొట్టెందుకు పెట్టినవ్?"

మంగళవారమూ అదే తీరు. బుధవారం కొంగు తడిపి బొట్లు తుడిచింది.

"తుడిస్తే దేవుడు పోతడా?" అని నవ్వాడు మాసయ్య.

బాలనాగమ్మ మూలుగుతూ వంగి ఒక ముక్క ఏరింది. అందరూ చూస్తుండగా ఇసుకలో గుచ్చింది.

"సూడుండ్రి. నా కండ్లు పోలే."

"డబ్బ నీది, నీకేం కాదు. గిది గూడ నువ్వే గుచ్చు," అంటూ మాసయ్య తన చేతిలోది అందించాడు. అతని వెనక ఇంకొకడు. చివరికి రామచంద్రయ్య కూడా గదిలోంచి చెయ్యి చాపాడు.

"నాది గూడ. జర సప్పుడు చెయ్యకు."

గురువారం పొద్దుటి నుంచి ఆమె డబ్బా పక్కనే నిలబడింది. పెద్దసార్లు వచ్చి నేలంతా కలియజూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

"నీ పని ఉన్నట్టే," అన్నాడు రామచంద్రయ్య. "రేపట్నించి గూడ గిట్లనే నిలబడు."

ఆమె కాళ్లు వాచాయి. కాసేపు కూర్చుందామనుకునేలోగా అచ్చంపేట బస్సు వచ్చింది. దిగినవాళ్లలో ఒకతను సిగరెట్ చివరి దమ్ము లాగుతూ నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. మొహం చూడకుండానే చెయ్యి చాపింది.

"ఆర్పి ఇయ్యి నాయినా. చెయ్యి కాలుతది."