కత్తి పట్టేముందు

ఆపరేషన్ థియేటర్‌లో ఆ ఫారం భాగోతం అందరికీ తెలిసిందే. కోతకు ముందు రోగి పేరేంటి, ఏం ఆపరేషన్, ఏ పక్క అని నర్సు గట్టిగా అడగాలి, అందరూ విని ఔననాలి. అడిగేదెవరు? ముందురోజు సాయంత్రమే టీ తాగుతూ గళ్లన్నింటిలో టిక్కులు కొట్టేసి ఫైల్లో పెడతారు. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ టిక్కులు చూసి మురిసిపోతారు. పదకొండేళ్ల సర్వీసులో నర్సు ఉమాదేవి కూడా తక్కువేం కొట్టలేదు. ఒకసారి నిజంగానే అడగబోతే డాక్టర్ హర్ష, ఇదేమన్నా పెళ్లిచూపులా పేరడగడానికి, అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమెకింకా మండుతూనే ఉంది.

ఆ రోజు బల్ల మీద కంబదూరు వైపు గొర్రెల కాపరి నల్లప్ప. గజ్జల్లో హెర్నియా. వెన్నులో మత్తుసూది వేయడంతో నడుము కింద మొద్దుబారింది గానీ మనిషి మెలకువగానే ఉన్నాడు. హర్ష ఎడమపక్క మందు పూసి, గుడ్డలు కప్పి, కత్తి కోసం చేయి చాచాడు. కేసుషీటులోనూ ఎడమే రాసుంది. కానీ పొద్దున వార్డులో ఈ మనిషి కుడిగజ్జ అదిమిపట్టుకుని నడవడం ఉమాదేవి చూసింది. పొరబడితే మళ్లీ నవ్వులపాలు. పొరబడకపోతే? కత్తి ఇవ్వలేదు.

"ఒక్క నిమిషం సార్," అని రోగి ముఖం ముందు కట్టిన అడ్డుగుడ్డ మీదుగా వంగింది. "నల్లప్పా, నొప్పి యా పక్క?"

"సార్‌కు తెల్దా తల్లీ?"

"సార్ సంగతి ఇడ్సిపెట్టు. నువ్వు చెప్పు."

"కుడిపక్క. సార్ ఎడమపక్క మందు పూస్తాంటే, ఆడ గూడా ఏమన్నా ఉండాదేమో అనుకుంటి."

హర్ష గుడ్డలు తీసి, నల్లప్పను దగ్గమని, చేత్తో తడిమి చూశాడు. ఎడమపక్క ఏమీ లేదు. కుడిపక్క నిమ్మకాయంత ఉబ్బు. వార్డులో రాసినవాళ్లు ఎదురుగా నిలబడ్డ మనిషి కుడిపక్క తమకు ఎడమవైపు కనబడేసరికి ఎడమ అని రాసేశారు. ఉమాదేవికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆపరేషన్ కుడిపక్కనే సజావుగా అయింది. పెద్ద డాక్టరు మాటకు ఎదురు చెప్పినందుకు ఏమనుకోవద్దని నల్లప్ప స్ట్రెచర్ మీద పోతూ పోతూ చేతులు జోడించాడు. హర్ష తలెత్తలేకపోయాడు.

తర్వాతి కేసు తిరుపాలమ్మ, భుజం మీద కొవ్వుగడ్డ. ఆమె ఫారం నిన్నటి టిక్కులతో సిద్ధంగా ఉంది. హర్ష దాన్ని చింపి బుట్టలో వేయించి, కొత్తది తెమ్మన్నాడు. తానే వంగి పేరడిగాడు. ఏ భుజమో అడిగాడు.

"మీకు తెల్దా సార్?" అందామె బెదురుగా.

"తెలీదమ్మా," అన్నాడు హర్ష. "నువ్వే చెప్పాల."