మైసమ్మ గుడి ముందు స్పీడ్ బ్రేకర్

మా గల్లీ చివర మైసమ్మ గుడి ముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. దాన్ని స్పీడ్ బ్రేకర్ అనడం నా మంచితనం. ఎవరో మిగిలిపోయిన సిమెంటును రోడ్డుకు అడ్డంగా కుప్పపోసి, తాపీతో రెండు దెబ్బలు వేసి వెళ్లిపోయినట్టు ఉంటుంది. బోనాలప్పుడు బైకుల మీద దూసుకుపోయే పోరగాళ్లకు బుద్ధి రావాలని బస్తీ పెద్దలు కట్టించారట. పోరగాళ్లు దాని మీంచి ఇంకా హుషారుగా ఎగురుతున్నారు. బుద్ధి వచ్చింది నా కారుకు మాత్రమే.

నాది డిక్కీ ఉన్న పాత కారు. నేనొక్కదాన్నే ఉంటే ఎలాగో గట్టెక్కుతుంది. నలుగురం కూర్చున్నామంటే పొట్ట ఆ దిమ్మెకు తగిలి గర్రుమంటుంది. ఆ చప్పుడు వింటే నా పళ్లు జివ్వుమంటాయి. ఒకసారి సైలెన్సర్ ఊడి రోడ్డు మీద పడింది కూడా. వేరే దారిలో వెళ్దామంటే అక్కడ పైపుల కోసం తవ్వినవాళ్లు పూడ్చడం మరిచిపోయారు.

మేం నలుగురం చెంగిచెర్ల నుంచి నాచారం వెళ్తాం. అక్కడ మందుల సీసాలకు లేబుళ్లు అంటించి పెట్టెల్లో సర్దే కంపెనీలో మా పని. కారు నడిపేది నేను, స్వర్ణలతను. నా పక్కన మల్లవ్వ పెద్దమ్మ. వెనక నీలవేణి, అరుణకుమారి. స్పీడ్ బ్రేకర్ రాగానే నేను కారు ఆపుతాను, వెనకవాళ్లిద్దరూ దిగుతారు, బరువు తగ్గిన కారు మెల్లగా దాటుతుంది, వాళ్లు నడిచి వచ్చి మళ్లీ ఎక్కుతారు. గుడి ముందు చెప్పులతో నడవడం బాగుండదని చెప్పులు కారులోనే వదిలి దిగేవారు. దిగినందుకు ఎలాగూ అమ్మవారికి ఒక దండం.

పెద్దమ్మ మాత్రం దిగదు. దిగలేదు. కిందటేడు స్కూటరొకటి గుద్దితే ఆమె కుడికాలిలో రాడ్ వేశారు. మోకాలు సగానికి మించి వంగదు. నా కారు సీటు చూస్తే గుంటలో ఉన్నట్టుంటుంది. కూర్చోవడమంటే దబ్బున కూలబడటమే. లేవాలంటే కంపెనీ గేటు దగ్గర ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని లాగాలి. లాగిన ప్రతిసారీ ఆమె "నా తల్లులు సల్లగుండ" అంటూ నవ్వేది గానీ, చుట్టూ ఎవరు చూస్తున్నారోనని కళ్లు అటూ ఇటూ తిరిగేవి. ఆమె బస్సు మెట్లు ఎక్కలేదు, షేర్ ఆటోలో కాళ్లు ముడుచుకోలేదు. ఈ కారు లేకపోతే ఆమెకు ఉద్యోగం లేదు.

"పెద్దమ్మను రోజూ ఎందుకు మోస్తున్నావ్" అని మా ఆయన భూపాల్ ఒకసారి అన్నాడు. ఆయన ఆ మాట అనకుండా ఉండాల్సింది. నేను డ్రైవింగ్ నేర్చుకునే రోజుల్లో నా పక్కన కూర్చోవడానికి ఇదే భూపాల్ భయపడ్డాడు. "నాకింకా బతకాలని ఉంది" అని నలుగురి ముందు నవ్వాడు. పక్కన కూర్చున్నది పెద్దమ్మ. బోడుప్పల్ అవతల ఖాళీ వెంచర్లో, ఆదివారాల పొద్దున, చీర కొంగు నడుముకు చెక్కి కూర్చునేది. ఆమెకు కారు గురించి ఓనమాలు తెలియవు. ఏది బ్రేకో, ఏది క్లచ్చో తెలియదు. నేను హద్దురాళ్లను గుద్దినా, గుంతలో దింపినా ఆమెది ఒకటే మాట.

"పోనియ్యి బిడ్డా, నేనున్న గద."

ఆమె ఉండి చేసేదేమీ లేదు. అయినా ఆ మాట వింటే నా చేతుల వణుకు తగ్గేది. నాకు ఈ స్టీరింగ్ చేతికొచ్చిందంటే, నా కాళ్ల మీద నేను నిలబడ్డానంటే, అది ఆ మాట పుణ్యమే. కాబట్టి ముందు సీటు ఆమెది. దాని గురించి ఎవరితోనూ చర్చ లేదు.

ఇక గుడి సంగతి. పొద్దున్నే గుడి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గండయ్య అనే పెద్దాయన కూర్చుంటాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పొలాలు వాళ్లవేనట. ఇప్పుడు పొలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి, ఆయనకు గుడి మిగిలింది. రోజూ ఒక కారు గుడి ముందు ఆగడం, ఇద్దరు ఆడవాళ్లు చెప్పులు విడిచి దిగడం, వట్టికాళ్లతో నడిచి దండం పెట్టుకోవడం ఆయన చూశాడు. ఏదో గట్టి మొక్కే అనుకున్నాడు.

"మీ అసొంటి భక్తి ఈ కాలంల యాడున్నదమ్మా" అన్నాడు ఒకనాడు అరుణకుమారితో.

అరుణకుమారి కాదనలేదు. కారు పొట్ట తగులుతుందని చెప్పుకోవడం కన్నా భక్తురాలు అనిపించుకోవడం గౌరవం కదా. మర్నాటి నుంచి గండయ్య మా కోసం బంతిపూలు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టాడు. వారం తిరగకుండా స్కూటర్ల వాళ్లు కూడా గుడి ముందు దిగి బండి నెట్టుకుంటూ పోసాగారు. ఒక ఆటోడ్రైవర్ అయితే సవారీలందరినీ దింపి నడిపించాడు. మేం కారులో పొట్టలు పట్టుకుని నవ్వుకున్నాం. పెద్దమ్మ అందరికన్నా ఎక్కువ నవ్వింది.

ఆ నవ్వు ఒక శనివారం పొద్దున ఆగిపోయింది. నీలవేణి దండం పెట్టుకుని వచ్చి కారెక్కింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

"పెద్దమ్మా, ఆ ముసలాయన నిన్నేమన్నడో ఎరుకనా? ముందు సీట్లామె ఎవరు, పెద్ద ఆఫీసరా, అమ్మోరి ముందట గుడ కాలు కింద పెట్టదు, గంత పొగరేంది అని అందరితోని అంటున్నడు."

అరుణకుమారి నీలవేణిని మోచేత్తో పొడిచింది. అప్పటికే ఆలస్యమైంది. పెద్దమ్మ కిటికీ వైపు తిరిగింది.

సాయంత్రం వాళ్లింటి ముందు ఆపాను. కొత్త కాలనీలో కిరాయి ఇల్లు, పెనిమిటి ఉప్పలయ్య వాచ్‌మన్. మేం దింపాక ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

"సోమారం సంది నా కోసం ఆగకు బిడ్డా."

"మరెట్లొస్తవ్?"

"రాను. పని బంద్ చేస్త."

నాకు ఒళ్లు మండింది. "ఆ గండయ్య మాటకా? రేపే పోయి ఆయన ముచ్చట చెప్త. కాలుల రాడున్నదిరా నాయనా అని మొఖం మీదనే..."

"చెప్పకు!" ఆమె గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "నా కాలు సంగతి ఆడ చెప్తె నా మీద ఒట్టే. కంపెనీల అందరు పాపం మల్లవ్వ, పాపం మల్లవ్వ అనవట్టె. మైసమ్మ ముందట గుడ పాపం అనిపించుకోవాల్నా? పొగరున్నదని అనుకోనీ. గదే నయం."

ఒట్టు పెట్టాక నోరు కట్టేసినట్టే. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని అదే లెక్క వేశాను. గండయ్యకు చెప్పకూడదు, పెద్దమ్మను దింపకూడదు, ఉద్యోగం పోకూడదు. ఆలోచించగా ఆలోచించగా ఒక సంగతి తట్టింది. అసలు వెనకవాళ్లు దిగడం వల్లే కదా దిగనామె కనబడుతోంది! ఎవరూ దిగకపోతే సరి. ఎవరూ దిగకూడదంటే కారు లేవాలి.

ఆదివారం ఉప్పల్ వెళ్లాను. మెట్రో పిల్లర్ల వెనక సందులో దుర్గేష్ షెడ్డు ఉంది. నీలవేణిని, అరుణకుమారిని వెనక కూర్చోబెట్టుకున్నాను. ముందు సీట్లో బియ్యం బస్తా పెట్టి బెల్టు కట్టాను.

"బస్తా ఏందక్కా?" అన్నాడు దుర్గేష్.

"అది మా పెద్దమ్మ. నలుగురి బరువు మీద సూడు. నిండుగున్నా కింద తగలొద్దు."

అతను నవ్వుతూనే వంగి కారు కింద చూశాడు. తర్వాత అరచేతిలో పట్టే మందపాటి గట్టి రింగు ఒకటి చూపించాడు. "స్ప్రింగులు మంచిగనే ఉన్నయ్. ఒక్కో స్ప్రింగుకు గిది పెడ్త, బాడీ ఓ అంగుళం లేస్తది. కొందరు స్ప్రింగు నడిమిట్ల రబ్బరు ముక్కలిరికిస్తరు, నేనది చెయ్య. ఒకటి యాదికుంచుకో, బండి లేస్తె మలుపుల కాడ జర ఊగుతది. స్పీడు తగ్గించాలె. అలైన్‌మెంటు గుడ చేయించాలె."

"అంగుళమేనా?" నాకు నీరసమొచ్చింది.

"అంగుళం తక్కువనా అక్కా?"

బస్తా దింపి పక్కన పెట్టాడు. చక్రాలు ఊడదీసి, స్ప్రింగులు దించి, రింగులు పెట్టి బిగించాడు. మధ్యాహ్నం దాటింది. మళ్లీ బస్తా పెట్టి, ముగ్గురం ఎక్కి, షెడ్డు ముందున్న ఎత్తు గడప మీంచి నాలుగైదుసార్లు దాటించాం. చప్పుడు లేదు. నీలవేణి ఈల వేసింది. చివరికి బస్తాను డిక్కీలోకి మారుస్తూ దుర్గేష్, "ఇందాక నడుం వంచి గుంజిన, ఇప్పుడు జర అల్కగ వచ్చింది" అన్నాడు. నా చెవికెక్కలేదు. నా ధ్యాసంతా సోమవారం మీద ఉంది.

సోమవారం పొద్దున పెద్దమ్మ ఇంటి ముందు హారన్ కొట్టాను. తలుపు తీసింది గానీ పాత చీరలోనే ఉంది.

"రానని చెప్పిన గద."

"ఇయ్యాల ఎవ్వరం దిగం. అందరం నీ లెక్కనే కూసుంటం. కారు లేపిచ్చిన."

"కారు లేపుడేంది?"

"వచ్చి సూడు. కింద తగిలిందనుకో, రేపటి సంది నేనే పిలువ."

లోపల ఉప్పలయ్య, "పో రాదు, పిల్ల గంత తండ్లాడుతుంటె" అన్నాడు. ఆమె గొణుక్కుంటూ చీర మార్చుకొచ్చి ఎక్కింది. రోజూ దబ్బున కూలబడే మనిషి ఆ రోజు నెమ్మదిగా కూర్చుంది. ఆలస్యమవుతోందన్న హడావిడిలో నేను పట్టించుకోలేదు.

గుడి కనిపించింది. గండయ్య బంతిపూలతో లేచి నిలబడ్డాడు. నేను ఆపలేదు. మొదటి గేర్లో ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి. వెనక చక్రాలు ఎక్కాయి, దిగాయి. గర్రుమనలేదు. మైసమ్మ తల్లీ, దుర్గేష్ తండ్రీ అనుకున్నాను మనసులో. అద్దంలో గండయ్య పూలు పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. చూడనీ, ఇవాళ అందరికీ పొగరే అనుకుని గేరు మార్చబోయాను.

"ఆపు" అంది పెద్దమ్మ.

"ఎందుకు?"

"ఆపు బిడ్డా."

ఆపాను. ఆమె తలుపు తెరిచింది. ఎడమకాలు బయట పెట్టింది. వంగని కాలును చేత్తో ఎత్తి దాని పక్కన పెట్టింది. తలుపు చట్రం పట్టుకుని ఒక్కసారి ఊపిరి పీల్చి లేచింది. లేచి నిలబడింది! ఎవరూ చెయ్యి పట్టలేదు, ఎవరూ లాగలేదు. దుర్గేష్ బస్తా దింపుతూ అన్న మాట అప్పుడు నా చెవికెక్కింది. కారు పొట్టతో పాటు సీటు కూడా అంగుళం లేచింది. నాకు చాలదనిపించిన ఆ అంగుళమే ఆమెకు కావలసింది.

నేను పరుగున దిగబోతే చేత్తో వద్దని సైగ చేసింది. చెప్పులు కారు పక్కనే విడిచి, కుడికాలు ఈడుస్తూ, గుడి దాకా వెనక్కి నడిచింది. గండయ్య ఆ కాలును చూశాడు. గబగబా తన కుర్చీని ఆమె దగ్గరికి లాక్కొచ్చాడు.

"కూసో తల్లీ, కూసోని మొక్కు."

"వద్దు పెద్దయ్యా. కూసుంటె మళ్ల లేవాలె" అని పెద్దమ్మ నవ్వింది. "ఇన్నొద్దులు కారుల కూసోనే మొక్కిన. ఇయ్యాల దిగనీకొచ్చింది, దిగిన."

"నాకెరుకలేక ఏదో అన్ననమ్మా..."

"నీకెట్లెరుకైతది? నేను చెప్పకపోతిని."

అంతే. కాలు సంగతి చెప్పొద్దని తన మీద ఒట్టు పెట్టిన మనిషి తనే బయటపెట్టేసింది. పాపం అనే మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. తన కాళ్ల మీద నిలబడి దండం పెడుతున్న మనిషిని పాపం అని ఎవరంటారు? గండయ్య పూలన్నీ ఆమె చేతుల్లో పోశాడు. ఆమె వాటిని అమ్మవారి ముందు పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు ఏదో చెప్పుకుంది.

తిరిగొచ్చి తనే ఎక్కింది, తలుపు తనే వేసుకుంది. వెనక నీలవేణి, అరుణకుమారి ముక్కులు ఎగపీలుస్తున్నారు.

"ఏం మొక్కుకున్నవ్ పెద్దమ్మా?" అంది నీలవేణి.

"ఏం అడుగుతనే? నన్ను లేపినోళ్లను సల్లగ సూడు తల్లీ అన్న."

నాకు ఎదురుగా రోడ్డు మసకబారింది. తాళం తిప్పాను, క్లచ్ వదిలాను, కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్లీ తిప్పాను. మళ్లీ ఆగింది. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి, ఆ ఖాళీ వెంచర్లో వణికినట్టే.

పెద్దమ్మ కొంగు నడుముకు చెక్కుకుని ముందుకు చూస్తూ కూర్చుంది.

"పోనియ్యి బిడ్డా, నేనున్న గద."